అందింది వేరు, అయింది వేరు: టూ-వే రిమోట్ స్టార్టర్ చెప్పే జవాబు అర్థం చేసుకోవడం ఎలా

జనవరి సాయంత్రం, మినియాపొలిస్‌లోనో టొరంటోలోనో ఆఫీసు అయిదో అంతస్తు. కారు కిటికీలోంచి కనపడదు. రిమోట్ మీద స్టార్ట్ నొక్కారు, అది కుయ్‌మంది. సరే, ఇంజిన్ స్టార్టయిందనుకుని కోటు, గ్లవ్స్ తొడుక్కుని పావుగంట తర్వాత కిందికి దిగితే కారు ఐసుగడ్డలా ఉంది. రిమోట్ అబద్ధం చెప్పలేదు. అది చెప్పింది "అందింది" అని. "అయింది" అని చెప్పే కూత ఇంకోటుంది, అది కొన్ని సెకన్ల తర్వాత రావాలి. ఆ రెండోది రాలేదు, మీరూ దానికోసం చూడలేదు.

రిమోట్ స్టార్టర్ అంటే దూరం నుంచే కారు ఇంజిన్ స్టార్ట్ చేసే ఏర్పాటు. వైపర్ (Viper), కంపుస్టార్ (Compustar) లాంటి కంపెనీలవి కారు కొన్నాక విడిగా బిగించుకునే టూ-వే సిస్టమ్స్. వాటి గురించే ఇక్కడ చెప్పేది. వన్-వే రిమోట్‌తో మనం చెప్పడమే తప్ప కారు తిరిగి చెప్పేది ఉండదు; లైట్లు వెలిగాయో, హారన్ మోగిందో మనమే చూసుకోవాలి, వినాలి. టూ-వేలో కారు కూడా రేడియో మీద బదులిస్తుంది. దానికోసమే అదనంగా డబ్బు పెడతాం. ఆ బదులు చదవడం రాకపోతే ఆ డబ్బు దండగ.

బటన్ నుంచి కూత దాకా ఏం జరుగుతుంది

బటన్ నొక్కగానే రిమోట్ ఒక కోడ్ పంపుతుంది. ఆ కోడ్ ప్రతి నొక్కుకీ మారుతుంది, ఎవరైనా గాల్లో పట్టుకుని మళ్లీ వాడలేకుండా. ముందు అద్దం పైభాగంలో, మిర్రర్ పక్కనో వెనకో, అగ్గిపెట్టెంత యాంటెనా ఒకటి అంటించి ఉంటుంది. అది సిగ్నల్ పట్టుకుని సన్నటి కేబుల్ మీదుగా డాష్‌బోర్డు కింద ఉన్న కంట్రోల్ మాడ్యూల్‌కి ఇస్తుంది. బిగించేవాళ్లు ఈ మాడ్యూల్‌ని "బ్రెయిన్" అంటారు, మనమూ అలాగే అందాం.

బ్రెయిన్ ముందు కోడ్ తనదేనా అని చూసుకుంటుంది. తనదే అయితే చాలా మోడళ్లు అక్కడే మొదటి జవాబు పంపేస్తాయి. ఇదే "అందింది". తర్వాత అసలు పని మొదలవుతుంది. హుడ్ (బానెట్) మూసి ఉందా, బ్రేక్ మీద కాలుందా, కీ ఇగ్నిషన్‌లో ఆన్ అయి ఉందా, వాలె మోడ్‌లో (బండిని వేరేవాళ్ల చేతికిచ్చేటప్పుడు రిమోట్ స్టార్ట్ పనిచేయకుండా పెట్టే సెట్టింగు) ఉందా అని వరసగా చూస్తుంది. ఏదీ అడ్డం లేకపోతే బైపాస్ మాడ్యూల్ అనే ఇంకో చిన్న పెట్టె, అసలు కీ లేనిదే ఇంజిన్ నడవనివ్వని కారు ఇమ్మొబిలైజర్‌కి "అసలు కీ ఇక్కడే ఉంది" అని నచ్చజెబుతుంది. ఇగ్నిషన్ ఆన్ అవుతుంది, ఫ్యూయల్ పంపుకి కొంచెం టైమిచ్చి సెల్ఫ్ కొడుతుంది. డీజిల్ బండి అయితే గ్లో ప్లగ్ వేడెక్కేదాకా ఇంకా ఆగుతుంది. ఇంజిన్ అందుకుందని తేలాక పార్కింగ్ లైట్లు వెలిగించి రెండో జవాబు పంపుతుంది. చాలా రిమోట్లలో అప్పుడే స్క్రీన్ మీద ఇంజిన్ బొమ్మో పొగ బొమ్మో, మిగిలిన నిమిషాల లెక్కో కనపడుతుంది.

"ఇంజిన్ అందుకుంది" అని బ్రెయిన్‌కి ఎలా తెలుస్తుంది? రెండు దారులు. ఒకటి టాక్: ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో వైరు ద్వారా గానీ కారు డేటా లైన్ ద్వారా గానీ చూడటం. ఇది నమ్మదగ్గది. రెండోది వోల్టేజి చూసి ఊహించడం. ఆగి ఉన్న మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది, సెల్ఫ్ కొట్టేటప్పుడు 10 దరిదాపులకు పడుతుంది, ఇంజిన్ తిరిగి ఆల్టర్నేటర్ చార్జింగ్ మొదలుపెడితే 13.5–14.5కి ఎక్కుతుంది. చదవడానికి బాగానే ఉంది గానీ, ఇప్పటి కార్లలో చాలావాటి ఆల్టర్నేటర్ స్టార్టయిన వెంటనే పూర్తి చార్జింగ్ ఇవ్వదు. వోల్టేజి ఎక్కలేదని బ్రెయిన్ నడుస్తున్న ఇంజిన్‌నే "స్టార్టవలేదు" అని లెక్కేసి ఆపేస్తుంది, మళ్లీ సెల్ఫ్ కొడుతుంది. చలికి డీలాపడ్డ బ్యాటరీతోనూ ఇదే తంతు. మీ రిమోట్ మాటిమాటికీ ఫెయిలయిందని చెబుతుంటే, కారు దగ్గర నిలబడి చూస్తే మాత్రం ఇంజిన్ స్టార్టయి ఆగిపోతుంటే, బిగించినవాళ్లని మొదట అడగాల్సిన ప్రశ్న: "టాక్ కలిపారా, వోల్టేజి మీద వదిలేశారా?"

మొదటి రోజు పని: కారు పక్కనే నిలబడి పరీక్ష

దూరం నుంచి జవాబు చదవాలంటే దగ్గర నుంచి అది ఎలా ఉంటుందో తెలిసుండాలి. ఆరుబయట పార్క్ చేయండి, గేరు పార్క్‌లో, హ్యాండ్‌బ్రేక్ వేసి, కీ జేబులో. ఒక కాగితం, ఫోన్‌లో స్టాప్‌వాచ్ దగ్గర పెట్టుకోండి.

1. లాక్ నొక్కండి. సాధారణంగా లైట్లు 1 సారి మెరుస్తాయి, అన్‌లాక్‌కి 2 సార్లు. రిమోట్ కూత ఎన్ని సెకన్లకు వచ్చిందో, ఎలాంటి కూతో రాసుకోండి. లాక్‌కి 1–2 సెకన్లు మామూలు.

2. స్టార్ట్ నొక్కండి లేదా మీ మోడల్ అడిగినట్టు పట్టి ఉంచండి. ఇప్పుడు చెవులు రెండు చోట్ల ఉండాలి, ఒకటి రిమోట్ మీద, ఒకటి ఇంజిన్ మీద. మొదటి కూత సెల్ఫ్ కొట్టక ముందే వచ్చిందా? ఇంజిన్ నిలకడగా నడవడం మొదలయ్యాక రెండో కూత వచ్చిందా? కొన్ని మోడళ్లు మధ్యలో ఏమీ చెప్పకుండా ఇంజిన్ నడిచాకే ఒక్కసారి చెబుతాయి. మీది ఏ రకమో ఇక్కడే తేలాలి. నొక్కినప్పటి నుంచి ఆఖరి కూత దాకా ఎన్ని సెకన్లో రాసుకోండి. ఆ అంకె తర్వాత చాలా పనికొస్తుంది.

3. ఇంజిన్ రిమోట్‌తో నడుస్తుండగా లోపల కూర్చుని కీ తిప్పకుండా బ్రేక్ తొక్కండి. వెంటనే ఆగిపోవాలి, రిమోట్‌కీ ఆ సంగతి చేరాలి. ఆగకపోతే ఇక వాడకండి, షాపుకి తీసుకెళ్లండి. ఇది సౌకర్యం విషయం కాదు, దొంగ చేతిలోంచి బండిని కాపాడే ఏర్పాటు.

4. హుడ్ ఎత్తి ఉంచి స్టార్ట్ నొక్కండి. కారు ససేమిరా అనాలి, రిమోట్ తప్పు చూపించాలి. హుడ్ కింద ఒక చిన్న పిన్ స్విచ్ ఉంటుంది. ఉప్పు చల్లిన రోడ్ల మీద రెండు మూడు చలికాలాలు తిరిగితే అది తుప్పు పడుతుంది. అది పనిచేయకపోతే ఆయిల్ చూస్తున్న మెకానిక్ చేతులు బెల్టు దగ్గర ఉండగా మీరు ఎక్కడి నుంచో స్టార్ట్ నొక్కే ప్రమాదం ఉంది. తుప్పు పట్టి "మూసే ఉంది" అని చెప్పే పిన్ కంటే "తెరిచే ఉంది" అని మొరాయించే పిన్ మేలు; రెండోది విసిగిస్తుంది, అంతే.

5. కొత్త బ్యాటరీ వేసిన రిమోట్‌తో ఇదంతా ఇంకోసారి చేసి అంకెలు సరిపోల్చుకోండి.

తాళం బొమ్మ పాత ఫొటో లాంటిది

స్క్రీన్ ఉన్న రిమోట్లలో ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. స్క్రీన్ మీద తాళం బొమ్మ కనపడుతోంది కాబట్టి కారు లాక్ అయి ఉందనుకుంటారు. ఆ బొమ్మ చెప్పేది: ఆఖరిసారి కారుతో మాట కలిసినప్పుడు బ్రెయిన్ లెక్కలో లాక్ అయి ఉందని. మీరు రేంజ్ దాటి నలభై మైళ్లు వెళ్లినా ఆ బొమ్మ అలాగే ఉంటుంది.

ఇంకో మెలిక. లాక్ నొక్కితే బ్రెయిన్ డోర్ లాక్ వైరు మీదికి సుమారు ఒక సెకను పాటు ఒక పల్స్ పంపుతుంది. పంపాక "లాక్ చేశాను" అని చెబుతుంది. నాలుగు డోర్ల గొళ్లాలూ నిజంగా పడ్డాయా అని చాలా సిస్టమ్స్ చూడవు. వెనక డోర్ లాక్ మోటారు పాడైనా రిమోట్ నిశ్చింతగా తాళం బొమ్మే చూపిస్తుంది. డోర్ తెరిచి ఉందా మూసి ఉందా అన్నది మాత్రం డోర్ స్విచ్ నుంచి విడిగా తెలుస్తుంది కాబట్టి, డోర్ సరిగ్గా పడకపోతే లాక్ చేసిన కాసేపటికి వేరే కూతో డోర్ బొమ్మో రావచ్చు. ఆ తేడా కూత వినపడితే వెనక్కి తిరిగి వెళ్లి చూడండి. వారానికోసారి లాక్ నొక్కాక చేత్తో నాలుగు హ్యాండిళ్లూ లాగి చూడటం మంచి అలవాటు.

ఇంట్లో రెండు రిమోట్లుంటే ఇంకా గమ్మత్తు. ఎక్కువ కిట్లలో ఒకటి టూ-వే, ఇంకోటి బొత్తాలు మాత్రమే ఉన్న వన్-వే. మీ శ్రీమతో శ్రీవారో ఆ రెండోదాంతో అన్‌లాక్ చేసి కూరగాయల సంచీ తీసుకుని మర్చిపోయి వచ్చేసినా, మీ జేబులో రిమోట్ ఇంకా తాళం బొమ్మే చూపించవచ్చు. చాలా సిస్టమ్స్ జవాబుని ఆఖరున వాడిన రిమోట్‌కే పంపుతాయి. కారుతో పాటు వచ్చిన కంపెనీ కీతో అన్‌లాక్ చేసినా అంతే. బైపాస్ మాడ్యూల్ ఆ సంగతి డేటా లైన్ మీద చదివేలా అమర్చి ఉంటేనే బ్రెయిన్‌కి తెలుస్తుంది.

అందుకే బొమ్మని నమ్మేకంటే అడిగి తెలుసుకోవడం మేలు. దాదాపు ప్రతి టూ-వే రిమోట్‌లోనూ "స్టేటస్" అడిగే పద్ధతి ఒకటుంటుంది. ఒక బటన్‌ని కాస్త పట్టి ఉంచడమో, ఎఫ్ (ఫంక్షన్) బటన్‌తో కలిపి ఇంకోటి నొక్కడమో. అది కారుతో ఏ పనీ చేయించదు, ఇప్పుడెలా ఉన్నావని అడుగుతుంది. లాక్, ఇంజిన్, కొన్నిటిలో లోపలి ఉష్ణోగ్రత, బ్యాటరీ వోల్టేజి కూడా వస్తాయి. మాన్యువల్‌లో మిగతా పేజీలు చదవకపోయినా ఈ ఒక్క బటన్ ఏదో వెతికి రిమోట్ వెనక చిన్న స్టిక్కర్ మీద రాసి అంటించుకోండి.

రేంజ్ నడక

డబ్బా మీద "1 మైలు" అనో "3 మైళ్లు" అనో ఉంటుంది. అది మధ్యలో ఏ అడ్డూ లేని మైదానంలో లెక్క. కొత్త మోడళ్లు ఎక్కువగా 902–928 మెగాహెర్ట్జ్ మధ్య స్ప్రెడ్ స్పెక్ట్రమ్‌లో (సిగ్నల్‌ని ఒకే ఫ్రీక్వెన్సీ మీద కాకుండా పరిచి పంపే పద్ధతి) పనిచేస్తాయి, పాతవి 434 దగ్గర. ఏదైనా సరే కాంక్రీటు, ఇనుము, కిటికీ అద్దాల మీద వేడి ఆపడానికి వేసే లోహపు పూత సిగ్నల్‌ని తినేస్తాయి. పార్కింగ్ గరాజ్ భూగర్భంలో ఉంటే మైలు మాట మర్చిపోండి, మెట్ల దగ్గర నుంచి పనిచేసినా సంతోషించాలి.

మీ రోజువారీ చోట్ల నుంచి ఒకసారి పరీక్షించండి: ఆఫీసు డెస్కు, కాఫీ గది, ఎలివేటర్ ముందు, కాస్ట్‌కో స్టోరు తలుపు దగ్గర, గుడి హాలు. కారు దగ్గర ఒకరిని ఫోన్‌లో ఉంచుకుంటే ఇంకా మంచిది. ప్రతి చోటా లాక్ నొక్కి రెండు విషయాలు రాసుకోండి: కారు విందా, మీకు జవాబు వచ్చిందా. ఈ రెండూ విడివిడి ప్రయాణాలు. కొన్ని చోట్ల కారు లైట్లు మెరుస్తాయి, అవతలి మనిషి "అయింది" అంటారు, మీ రిమోట్ మాత్రం మూగగా ఉంటుంది. కారు యాంటెనా ఎత్తులో, అద్దం వెనక ఉంది. మీ రిమోట్ యాంటెనా వేలెడు. దాని పక్కనే ల్యాప్‌టాప్, ఫోన్, రౌటర్ కలిపి రేడియో రొద చేస్తుంటాయి. ఆ రొదలో కారు గొంతు వినపడదు. రిమోట్‌ని డెస్కు మీద నుంచి తీసి రెండడుగులు కిటికీ వైపు జరిగి, నిలువుగా భుజం ఎత్తున పట్టుకోండి. తరచుగా అంతే సరిపోతుంది.

అంతటా రేంజ్ ఒక్కసారిగా పడిపోతే ముందు అద్దం ఈమధ్య మార్పించారేమో గుర్తు తెచ్చుకోండి. రాయి తగిలి పగిలిన అద్దం మార్చేవాళ్లు యాంటెనా ఊడదీసి, తిరిగి అంటించేటప్పుడు ప్లగ్ సగమే గుచ్చడం, లేదా ఇనుప ఫ్రేమ్‌ని ఆనించి అంటించడం మామూలే. ప్లగ్ వేలితో గట్టిగా నొక్కి చూడండి. లోహపు ఫిల్మ్ టింట్ వేయించినా, టోల్ ట్యాగ్‌ని యాంటెనాకి ఆనించి పెట్టినా ఇదే ఫలితం.

జవాబు రాలేదు. ఇప్పుడేం చేయాలి

మళ్లీ నొక్కకండి. చాలా సిస్టమ్స్‌లో స్టార్ట్ బటనే స్టాప్ బటన్ కూడా. కారు మొదటిసారే విని ఇంజిన్ నడుపుతోంది, జవాబు మాత్రం మీదాకా రాలేదనుకోండి. మీరు రెండోసారి నొక్కితే దాన్ని చేతులారా ఆపినట్టే. మూడోసారి నొక్కితే మళ్లీ స్టార్ట్. అలా నాలుగుసార్లు నొక్కి కిందికి దిగిన మనిషికి చల్లటి కారు దొరికితే "ఈ సిస్టమ్ పనికిరాదు" అంటారు. పాపం, అది చెప్పినట్టే చేసింది.

రెండో కారణం: ఈ రిమోట్లు ఒకేసారి మాట్లాడుతూ వినలేవు. బటన్ నొక్కి ఉన్నంతసేపు చెవులు మూసుకున్నట్టే. కారు జవాబు వస్తున్న క్షణంలో మీరు మళ్లీ నొక్కితే ఆ జవాబు మీదే తొక్కేస్తున్నారు.

కాబట్టి వరస ఇది. మొదటి రోజు రాసుకున్న సెకన్లకి ఇంకో 5 కలిపి ఆగండి. రాకపోతే రెండడుగులు జరిగి స్టేటస్ అడగండి. స్టేటస్‌కి జవాబొస్తే అందులో ఇంజిన్ నడుస్తోందో లేదో తెలిసిపోతుంది, దాన్నిబట్టి నిర్ణయం. స్టేటస్‌కీ జవాబు రాకపోతే రేంజ్ లేనట్టే. చోటు మార్చి మళ్లీ స్టేటస్ అడగండి, స్టార్ట్ మాత్రం వద్దు. రెండు చోట్ల నుంచీ మౌనమే అయితే రిమోట్ బ్యాటరీ చూడండి. మీ సిస్టమ్‌లో స్టార్ట్‌కీ స్టాప్‌కీ వేర్వేరు పద్ధతులు పెట్టే ఆప్షన్ ఉంటే బిగించినవాళ్ల చేత పెట్టించుకోండి, ఈ తలనొప్పి సగం పోతుంది.

ఫోన్ యాప్‌తో నడిపేవాళ్లకి దారి వేరు. మాట సెల్ టవర్, సర్వర్ చుట్టి వస్తుంది కాబట్టి జవాబు ఆలస్యం. హైదరాబాద్‌లో మే నెల ఎండకి హ్యుందాయ్ బ్లూలింక్ లాంటి యాప్‌తో ఏసీ వేసుకునేవాళ్లకీ ఇదే సూత్రం: "కమాండ్ పంపాం" అన్న వాక్యం చూసి యాప్ మూసేయకండి, వాహనం నడుస్తోందన్న రెండో నోటిఫికేషన్ దాకా ఆగండి.

"కాలేదు" అని జవాబొస్తే

ఇది మంచి సమస్య, ఎందుకంటే కారు ఎందుకు కాలేదో కూడా చెబుతుంది. స్క్రీన్ మీద కోడ్ రావచ్చు. లేకపోతే పార్కింగ్ లైట్లు లెక్కపెట్టాలి. కంపుస్టార్‌లో లైట్లు ముందు 3 సార్లు మెరుస్తాయి, అంటే ఫెయిలయిందని. కాసేపాగి మళ్లీ మెరిసే లెక్కే అసలు కారణం. 2 అయితే కీ ఇగ్నిషన్ ఆన్‌లో ఉంది. 5 అయితే బ్రేక్ తొక్కి ఉన్నట్టు కనపడుతోంది. 6 హుడ్, 8 టాక్ లేదా వోల్టేజి పట్టుకోలేకపోవడం, 10 వాలె మోడ్. 7 మాన్యువల్ గేరు బండ్లకి మాత్రమే: బండి న్యూట్రల్‌లో ఉందని ఖాయం చేసే రిజర్వేషన్ మోడ్ పెట్టకుండా దిగారన్నమాట. వైపర్‌కీ మిగతావాటికీ లెక్కలు వేరు, మీ మాన్యువల్‌లో ఆ పేజీని ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. కోడ్ అవసరమయ్యేది మాన్యువల్ దగ్గర లేనప్పుడే.

కొన్నిటి వెనకున్న అసలు కథ చెప్పుకోవాలి. ఎవరూ బ్రేక్ తొక్కకుండానే బ్రేక్ కోడ్ వస్తుంటే బ్రేక్ స్విచ్ అరిగి, లేదా పెడల్ దగ్గరి రబ్బరు స్టాపర్ రాలిపోయి స్విచ్ నొక్కి ఉండకపోవచ్చు. రాత్రి కారు వెనక్కి వెళ్లి చూడండి, బ్రేక్ లైట్లు వెలుగుతూనే ఉంటాయి. వాలె మోడ్ కోడ్ అయితే కార్ వాష్‌కో సర్వీసింగ్‌కో ఇచ్చినప్పుడు ఎవరో పెట్టారు, తీయలేదు. ఇక ఇంజిన్ అందుకుని ఒకటి రెండు సెకన్లలో చచ్చిపోయి, మళ్లీ సెల్ఫ్, మళ్లీ చావు, మూడు ప్రయత్నాల తర్వాత ఫెయిల్ అంటే అది ఇమ్మొబిలైజర్ పని. బైపాస్ మాడ్యూల్ తన ప్రోగ్రామింగ్ పోగొట్టుకుంది. కారు బ్యాటరీ మార్చాక, డీలర్ దగ్గర సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయ్యాక ఇది కనపడుతుంటుంది. అది ఇంట్లో బాగు చేసుకునేది కాదు.

అలారం కబుర్లు

ఇక్కడ కారు అడక్కుండానే మాట్లాడుతుంది. అద్దం మీద చిన్న దెబ్బకి ఒక హెచ్చరిక, గట్టి దెబ్బకో డోర్ తెరిచినందుకో పూర్తి అలారం. రిమోట్ కూత, బొమ్మ రెండిటికీ వేరువేరు. చెత్త లారీ పక్కనుంచి వెళ్లినప్పుడల్లా చిన్న హెచ్చరిక వస్తుంటే షాక్ సెన్సర్ సున్నితత్వం తగ్గించండి. లేకపోతే నెలరోజుల్లో ఆ కూత మీ చెవికి అలవాటైపోయి నిజమైనదీ పట్టించుకోరు. ఒకటి గుర్తుంచుకోండి: కబురు పంపిన నిమిషంలో మీరు రేంజ్‌లో లేకపోతే అది మీకు చేరదు. సినిమా హాల్లో మూడు గంటలు మౌనంగా ఉన్న రిమోట్, కారు క్షేమమని చెప్పడం లేదు. కొన్ని మోడళ్లలో రేంజ్ దాటితే తెలియజేసే ఆప్షన్ ఉంటుంది, ఉంటే ఆన్ చేయండి.

రిమోట్ బ్యాటరీ, తప్పిన లెక్క, మళ్లీ జత చేయడం

టూ-వే రిమోట్ కారు మాట కోసం రోజంతా చెవి ఒగ్గి ఉంటుంది, అందుకే వన్-వే కంటే ఎంతో త్వరగా బ్యాటరీ తింటుంది. పాత స్క్రీన్ మోడళ్లు ఏఏఏ సెల్ మీద, సన్నటివి సీఆర్2032 లాంటి బిళ్ల మీద, కొత్తవి యూఎస్‌బీ చార్జింగ్ మీద నడుస్తాయి. బ్యాటరీ నీరసపడ్డప్పుడు ముందుగా పోయేది స్క్రీన్ కాదు. స్క్రీన్‌కి చాలా తక్కువ కరెంటు చాలు; సిగ్నల్ పంపే క్షణంలో ఒక్కసారిగా ఎక్కువ కావాలి. కాబట్టి గడియారం చక్కగా కనపడుతూ రేంజ్ మాత్రం సగానికి పడిపోతే సెల్ మార్చాల్సిందే. వైబ్రేషన్ మోడ్ వాడితే ఇంకా త్వరగా అయిపోతుంది. రాత్రంతా కారులోనే వదిలేసిన రిమోట్ మైనస్ 20 డిగ్రీల చలికి పొద్దున్న పలకకపోతే జేబులో పది నిమిషాలు పెట్టుకుని మళ్లీ చూడండి.

పిల్లలు రిమోట్‌తో ఆడుకుని కారుకి దూరంగా వందలసార్లు నొక్కితే మారే కోడ్ లెక్క కారు లెక్క కంటే చాలా ముందుకు పోతుంది. అప్పుడు కారు దాన్ని గుర్తుపట్టకపోవచ్చు. కారు పక్కన నిలబడి అదే బటన్ రెండు మూడుసార్లు నిదానంగా నొక్కితే చాలావరకు లెక్క మళ్లీ కలుస్తుంది.

కలవకపోతే జత చేయాలి. కంపుస్టార్‌లో కీ ఉన్న కార్లకి మామూలు పద్ధతి: 10 సెకన్ల లోపల ఇగ్నిషన్‌ని 5 సార్లు ఆన్, ఆఫ్ చేయాలి. పార్కింగ్ లైట్లు ఒకసారి మెరుస్తాయి. వెంటనే రిమోట్ లాక్ బటన్ అర సెకను నొక్కాలి, లైట్లు ఇంకోసారి మెరిస్తే జత అయినట్టు. ఆలస్యం చేస్తే కారు ఆ మోడ్‌లోంచి బయటికొచ్చేస్తుంది, అందుకని ఇంట్లో ఉన్న రిమోట్లన్నీ ముందే ఒళ్లో పెట్టుకుని కూర్చోండి. వైపర్ తరహా సిస్టమ్స్‌లో డాష్ కింద వాలె బటన్ ఉంటుంది, దాని నొక్కుల లెక్క మాన్యువల్‌లో చూడాలి.

గరాజ్ సంగతి

రిమోట్ ఎంత తెలివైనదైనా గరాజ్ తలుపు మూసి ఉందని దానికి తెలియదు. "ఇంజిన్ నడుస్తోంది" అని ఎంత సంతోషంగా కూస్తుందో, మూసిన గరాజ్‌లోనూ అంతే సంతోషంగా కూస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, రంగు లేదు. ఇంటికి అతుక్కున్న గరాజ్ నుంచి తలుపు సందుల్లోంచి పడకగదుల దాకా వస్తుంది. గరాజ్‌లో రిమోట్ స్టార్ట్ వద్దు, తలుపు ఎత్తి ఉన్నా సరే. కారు అక్కడే పెట్టే ఇళ్లలో రాత్రిపూట వాలె మోడ్ పెట్టండి, ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకోండి. బయట పార్క్ చేసినా ఊరి నిబంధన చూసుకోవాలి. టొరంటోలో కొన్ని మినహాయింపులు తప్ప 60 నిమిషాల్లో 1 నిమిషానికి మించి ఇంజిన్ ఊరికే నడపకూడదు, ఈ సిస్టమ్స్ ఏమో సాధారణంగా 12–15 నిమిషాల రన్ టైమ్‌తో వస్తాయి. దాన్ని తగ్గించుకునే ఆప్షన్ ఉంటుంది.

జేబులో తాళాల గుత్తి ఒత్తుకుని దానంతటదే స్టార్ట్ అవడం తరచూ జరిగేదే. స్టార్ట్‌కి రెండుసార్లు నొక్కాలి అనో, కొన్ని సెకన్లు పట్టి ఉంచాలి అనో పెట్టించుకుంటే ఇది బాగా తగ్గుతుంది. సోఫాలో కూర్చుని టీవీ చూస్తుండగా జేబులో రిమోట్ ఊరికే కుయ్‌మంటే స్క్రీన్ తీసి చూడండి. ఇంజిన్ బొమ్మ ఉంటే అక్కడి నుంచే స్టాప్ నొక్కి, "ఆగింది" అన్న జవాబు వచ్చేదాకా కూర్చోకండి, కారు గరాజ్‌లో ఉంటే లేచి గరాజ్ తలుపు ఎత్తండి.